చేతులెత్తిన ఆదివారం తర్వాత

పగటికి ఒక అంచు పెట్టి, ఆ అంచు అవతల రాత్రిని పరిచిన దేవునికి స్తోత్రం. నేల కింద బొగ్గును దాచినవాడు ఆయనే. దాన్ని తవ్వే చేతికి అలసటను ఇచ్చినవాడూ ఆయనే. ఆయన ఇచ్చిన బలానికి స్తోత్రం. ఆయన ఇచ్చిన అలసటకు కూడా స్తోత్రం. ఈ చివరి మాట నేను ఇంతకుముందు ఏ ప్రార్థనలోనూ అనలేదు. ఇప్పుడు అన్నిటికంటే ముందు అదే అంటున్నాను.

నా పేరు సుజాత. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. మా ఆయన ప్రభాకర్ బొగ్గు బాయిలో బెల్టు ఫిట్టరు. బొగ్గును బయటికి మోసుకొచ్చే పొడుగాటి రబ్బరు బెల్టు తెగకుండా, ఆగకుండా చూసుకోవడం ఆయన పని. మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావ అనే పిలుస్తాను. ఆయన తల్లి, మా అత్తమ్మ, కంపెనీ క్వార్టరులో మాతోనే ఉంటుంది. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే.

నాకు జరిగింది రాయమని మా సంఘంలో కొందరు అడిగారు. మీలో ఒక్కరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. రాస్తే నాకూ కాస్త కుదురు వస్తుందని ఒక ఆశ ఉంది. ఏడుపు మాత్రం రావడం లేదు. జరిగినప్పుడు కూడా రాలేదు.

అంతకుముందు

బాయి మీద బతికే ఇంట్లో వారానికోసారి రోజు తిరగబడుతుంది. ఫస్ట్ షిఫ్టు వారం తెల్లవారకముందే లేచి టిఫిన్ బాక్సు కట్టాలి. సెకండ్ షిఫ్టు వారం ఆయన ఇల్లు చేరేదాకా మేలుకుని ఉండి అన్నం వేడి చేయాలి. నైట్ షిఫ్టు వారం ఆయన పగలు పడుకుంటాడు కాబట్టి ఇంట్లో కుక్కరు విజిల్ కూడా వేయనివ్వకూడదు. మా అమ్మ ఇలాగే చేసింది. మా క్వార్టర్ల లైనులో ఆడవాళ్ళందరూ ఇలాగే చేస్తారు. దీన్ని ఎవరూ పని అనరు.

బావ వారానికి ఒక షిఫ్టు చేసేవాడు. నేను ఆయన షిఫ్టుతో పాటు బడి, బడి తర్వాత ట్యూషన్లు చేసేదాన్ని. ఇక ఆదివారం విశ్రాంతి దినం. ఆ రోజు పొద్దున సండేస్కూలు పిల్లలకు పాఠం, తర్వాత ఆరాధనలో స్తుతి ప్రార్థన నడిపించడం, మధ్యాహ్నం స్త్రీల కూడిక, సాయంత్రం ఎవరో ఒకరింట్లో గృహ ప్రార్థన. విశ్రాంతి దినాన్ని ఎంత నిష్ఠగా పాటించానంటే, ఆ రోజున ఒక్కసారైనా గోడకు ఆనుకుని కూర్చున్న జ్ఞాపకం లేదు.

బాయిలో ఒక మనిషి వరుసగా రెండు షిఫ్టులు చేయాలంటే పైవాళ్ళను అడగాలి. నన్ను ఆపి అడిగేవాళ్ళు ఎవరూ లేరు, మెచ్చుకునేవాళ్ళే అందరూ. "సుజాత టీచర్ని చూసి నేర్చుకోండ్రి" అని పాస్టరు అయ్యగారు ప్రసంగంలో రెండు మూడుసార్లు అన్నారు. ఆ మాట మీద నేను చాలా దూరం నడిచాను.

అంతకు ముందు ఏడాది బడిలో వైద్య శిబిరం పెట్టినప్పుడు నాకు బీపీ ఉందని చెప్పి మాత్రలు రాశారు. ఉపవాసం ఉన్న రోజు ఆ మాత్ర మానేసేదాన్ని. ఖాళీ కడుపు మీద వేసుకోకూడదని ఎవరో అన్నారు. దేవుని మీద ఆనుకున్న రోజున మాత్ర మీద ఆనుకోవడమేంటని నాకూ అనిపించేది. శుక్రవారం ఉపవాసం మామూలే. అంతలో ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం మొదలైంది. ఆ నలభై దినాలూ మా మందిరంలో ఉపవాస కూడికలు జరుగుతాయి. మాత్రల పట్టీ సొరుగులో అలాగే ఉండిపోయింది.

అన్ని పనులు చేస్తున్నా ఏ పనీ సరిగ్గా సాగడం లేదని అప్పటికే నాకు తెలుసు. బోర్డు మీద లెక్క సగం చేసి, తర్వాతి మెట్టు ఏమిటో తోచక సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయేదాన్ని. పిల్లలు నవ్వు ఆపుకునేవాళ్ళు. ప్రార్థనలో అన్న మాటే మళ్ళీ అనేదాన్ని. అది నిద్ర చాలకపోవడమని నాకు తట్టలేదు. ఆత్మీయ పోరాటం అనుకున్నాను. అందుకని ఉపవాసాలు ఇంకొంచెం పెంచాను.

శ్రమకాలంలో ఒక ఆదివారం

ఆదివారం బాయిలో బొగ్గు తీయరు. బెల్టు ఆపి, రోలర్లు చూసి, అతుకులు సరిచేస్తారు. అందుకే ఫిట్టర్లకు ఆదివారం తప్పకుండా డ్యూటీ పడుతుంది. బావ ఆ పొద్దున డ్యూటీకి వెళ్ళాడు. నేనూ అత్తమ్మా మందిరానికి వెళ్ళాం. ఆమె ఎప్పటిలాగే ముసలివాళ్ళతో కలిసి వెనక గోడ పక్కన కుర్చీలో కూర్చుంది.

స్తుతి ప్రార్థన మొదలుపెట్టాను. ఎడమచేతిలో మైకు, కుడిచెయ్యి పైకెత్తి ఉంది. ఒక మాట అనబోయాను. మనసులో ఆ మాట సరిగ్గానే ఉంది. నోట్లోంచి మాత్రం ఇంకేదో వచ్చింది. మళ్ళీ అన్నాను. మళ్ళీ అలాగే, నాలుక మడతపడ్డట్టు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు వచ్చింది.

మా మందిరంలో ఆత్మ నింపుదలతో అన్యభాషల్లో, అంటే ఎవరూ నేర్పని, వినేవాళ్ళకు అర్థం కాని మాటల్లో ప్రార్థించేవాళ్ళు ఉన్నారు. నాకు ఎప్పుడూ ఆ వరం రాలేదు. రావాలని చాలామంది నాకోసం కనిపెట్టి ప్రార్థించారు. అందుకని ఆ శబ్దం వినగానే ఎవరో పెద్దగా హల్లెలూయా అన్నారు. డోలు అందుకుంది. పాట లేచింది. నా ముందున్న చేతులన్నీ పైకి లేచాయి. నా చెయ్యి ఒక్కటే కిందికి దిగింది. నేను దించలేదు. అది తనంతట తనే దిగి, పక్కన వేలాడింది. ఎవరిదో చెయ్యి నాకు తగిలించినట్టు ఉంది.

స్త్రీల సమాజంలో నాతో పాటు పనిచేసే సలోమి అక్క నా పక్కకు వచ్చి, కన్నీళ్ళతో, "ఇంకా ప్రభువా, ఇంకా దిగి రా" అని ప్రార్థించింది. ప్రేమతోనే చేసింది. నాకు అందరూ కనిపిస్తున్నారు, అంతా వినిపిస్తోంది. భయం వేయాల్సిన చోట భయం లేదు. నా గురించి నేను దూరం నుంచి వింటున్నట్టు ఉంది, అంతే.

ఒక పాట అయిపోయింది. రెండోది అందుకున్నారు. అప్పుడు అత్తమ్మ చాపల మీద కూర్చున్నవాళ్ళను తోసుకుంటూ ముందుకు వచ్చింది. నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"ఆపుర్రి! ఆ డోలు ఆపుర్రి ముందుగాల! పిల్లకు నోరు వంకర పోయింది. కండ్లు మూసుకొని పాడితే ఏం గనవడ్తది మీకు?"

డోలు ఆగింది. ఎవరో, "అవ్వా, ఆత్మ కార్యం జరుగుతున్నది" అన్నారు.

"మా ఆయనకు గూడ గిట్లనే జరిగింది, ఇంట్ల, నా కండ్ల ముంగట. ఆటో పిలువుర్రి జల్ది!"

సలోమి అక్క నా చెయ్యి వదల్లేదు. "ఒక్క నిమిషం ప్రార్థన జేసి పోదాం అవ్వా" అంది.

"ఆటోల కూసొని జెయ్యి బిడ్డా నీ ప్రార్థన. దేవునికి ఆటోల ఇనవడదా?"

సలోమి అక్క ఆటోలోకి ఎక్కింది. దారంతా నా పాదాలు పట్టుకుని ప్రార్థించింది. ముందు కంపెనీ దవాఖానకు వెళ్ళాం; అక్కడ చూసి, అంబులెన్సులో కరీంనగర్‌కు పంపించారు.

కరీంనగర్‌లో డాక్టరు గారు మొదట అడిగిన ప్రశ్న, ఇది ఎప్పుడు మొదలైందని. అత్తమ్మ చెప్పింది: "రెండు పాటలైనంక పట్టుకొచ్చినం సార్."

"రెండు పాటలంటే ఎంతసేపమ్మా?"

"మా పాటలు పొడుగుంటయి సార్. అంత కంటె నాకు తెల్వది."

ఆయన తలెత్తి గోడ గడియారం చూశారు. నన్ను లోపలికి తీసుకెళ్ళారు.

బావ డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. ఒళ్ళంతా బొగ్గు. బయట హాలులో తెల్ల కుర్చీలు ఉన్నాయి. మసి అంటుతుందని కూర్చోకుండా గోడకు దూరంగా నిలబడ్డాడట. కమాన్‌పూర్ నుంచి తన కొడుకు కోసం వచ్చిన ఒకామె చాలాసేపు చూసి, "కూసో అన్నా. బొగ్గే గద, కడిగితే పోతది" అని తన పక్క కుర్చీ మీద కొంగు పరిచిందట. ఆ తర్వాత నన్ను బయటికి తెచ్చినప్పుడు నా నోటి పక్క నుంచి కారుతున్న చొంగ తుడిచింది కూడా ఆమే. ఆమె పేరు మేం అడగలేదు. ఆమె కొడుకు ఎలా ఉన్నాడో తెలియదు. ప్రతి రోజూ ఆ పిల్లవాణ్ణి ప్రార్థనలో తలుచుకుంటాను, పేరు లేకుండానే.

ఈస్టరు దాకా

మెదడులో చిన్న రక్తపు గడ్డ అడ్డుపడిందని చెప్పారు. కాలు తొందరగానే వచ్చింది. మాట ఈడ్చుకుంటూ వచ్చింది. కుడిచెయ్యి రాలేదు. వేళ్ళకు చెంచా తగిలినా, వేడి గ్లాసు తగిలినా ఒకటే. ఇంటికి తీసుకొచ్చారు.

పరామర్శించడానికి చాలామంది వచ్చారు. వచ్చినవాళ్ళందరూ ప్రార్థించారు, ప్రతి ఒక్కరూ గట్టిగా. నేను పడుకోవాలని ఉన్నా కళ్ళు తెరిచి ఆమేన్ అనేదాన్ని. అత్తమ్మ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. "చిన్నగ జెయ్యి, జల్ది జెయ్యి" అని చెప్పి లోపలికి పంపేది.

సలోమి అక్క ఒకరోజు నా చెవి దగ్గర అంది: "చెల్లె, ఎవరేమన్న అననియ్యి. ఆ రోజు నీ మీద అభిషేకం దిగింది. సైతాను ఓర్వలేక చెయ్యి పట్టుకున్నడు."

మాట సరిగ్గా రాకపోవడం ఒక్కోసారి మేలే.

అప్పటికి ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. ప్రార్థనలో నాకు ఏమీ తగలడం లేదు. చేతికి ఎలా స్పర్శ లేదో లోపల కూడా అలాగే. ఈస్టరు తెల్లవారుజామున మందిరం నుంచి పునరుత్థాన గీతాలు మైకులో వినిపించాయి. ప్రతి ఏడాదీ ఆ పాటలు నేనే ఎత్తుకునేదాన్ని. మంచం మీద పడుకుని విన్నాను. ప్రభువు లేచాడని నాకు తెలుసు, నమ్ముతున్నాను, అందులో అణువంత సందేహం లేదు. కానీ ఆ నమ్మకం పక్కింట్లో ఉన్న సామానులా ఉంది. ఉందని తెలుసు, చేతికి రాదు.

వంట బావే చేసేవాడు. డ్యూటీకి వెళ్ళేముందో వచ్చాకో, ఆయన షిఫ్టును బట్టి. ఒక మధ్యాహ్నం అత్తమ్మ కంచం ముందు కూర్చుని గరిటెతో పప్పు ఎత్తి, వదిలి, మళ్ళీ ఎత్తింది.

"ఏందిరా గిది? పప్పా, బాయిల ఊట నీళ్ళా?"

"తినే అమ్మా. బాయిల ఊట నీళ్ళకు ఉప్పు ఎవడేస్తడు? గిండ్ల ఏసిన."

"ఏసినవా? ఏ మూల ఏసినవో ఆ మూలకెల్లి పెట్టు నాకు."

నాకు నవ్వు వచ్చింది. నోరు ఒక పక్కకే లాగింది. అత్తమ్మ అది చూసి కంచం ఖాళీ చేసింది.

ఈస్టరు తర్వాతి వారంలో మా బడి హెడ్ మేడం వచ్చారు. మంచి మనిషి. పండ్లు తెచ్చారు. "జూన్‌లో బడి తెరిచేవరకు మీ పోస్టు అలాగే ఉంచుతానండీ. పదో తరగతి కదా, బోర్డు మీద రాయగలిగితే చాలు. లేకపోతే నేనేం చేయలేను" అన్నారు. ఆ సాయంత్రమే నేను ఒక పలక తెప్పించుకున్నాను. నాకు ఆ బడి కావాలి. లెక్కలు చెప్పకపోతే నేను ఎవరినో నాకు తెలియదు.

పలక తెచ్చిన మరుసటి రోజే మొదటిసారి బావతో గొడవ అయింది. ఆయన సెకండ్ షిఫ్టుకు వెళ్ళబోతున్నాడు. "నువ్వొచ్చే వరకు మేలుకొనుంటా, ఎడమ చేత్తో అన్నం వేడి చేస్తా" అన్నాను.

ఆయన బూట్ల తాడు కట్టుకుంటూ ఆగిపోయాడు. "నిన్నెవరడిగిన్రు సుజాతా?"

"అదేంది బావా?"

"ఎన్నడన్న అడిగిన్నా నేను, వేడి అన్నం గావాలని? బాయిల సల్ల బువ్వ తిన్నోణ్ణి. ఇంటికొచ్చినంక నిన్ను సూస్తే సాలనిపించేది. నువ్వేమో పొయ్యి కాడ నిలవడి, మొకం పీక్కపోయి... నేను అడగలే. వద్దని గూడ అనలే. అది నా పాపం."

చెప్పులు వేసుకోబోయి బూట్లు ఉన్నాయని గుర్తొచ్చి, తిట్టుకుని, బయటికి వెళ్ళాడు. గేటు దాకా వెళ్ళి తిరిగి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఇంగో సంగతి. ఆదివారం బెల్టు ఎందుకు ఆపుతం? బంద్ పెట్టకుంట నడిపితే బొగ్గు ఎక్కువొస్తదని కొత్తగా వచ్చినోళ్ళు అనుకుంటరు. ఒక్క వారం ఆపకుంటే మళ్ళీ వారం మూడు రోజులు తెగి పండుకుంటది. రబ్బరుకు గా మాత్రం జేస్తం. రేపటి సంది నీకు జనరల్ షిఫ్టు. పొద్దుగాల లేసుడు, పొద్దుగూకినంక పండుకునుడు. నా షిఫ్టుతోని నీకు పని లేదు."

జనరల్ షిఫ్టంటే ఆఫీసులో పనిచేసేవాళ్ళది, మారకుండా రోజూ పగలే ఉండేది. లోపలి నుంచి అత్తమ్మ కేకేసింది: "మరి వారానికో రోజు సుట్టి ఇస్తవా పిల్లకు, లేకుంటే గది గూడ కంపెనోడు మింగిండా?"

"ఇస్తనే అమ్మా, ఇస్త!" అని బావ వెళ్ళిపోయాడు.

మే నెల

ఏప్రిల్ చివర్లో వేళ్ళు కాస్త కదలడం మొదలయ్యాక, బస్టాండు దగ్గర ఒక ఫిజియోథెరపీ క్లినిక్కు వెళ్ళేదాన్ని. ఎండకు తారు మెత్తబడుతున్న రోజులవి. బెంచీల మీద నాతో పాటు పదవీ విరమణ చేసిన బాయి కార్మికులే ఎక్కువ. నడుము పోయినవాళ్ళు, భుజం పోయినవాళ్ళు, నాలాగా సగం పోయినవాళ్ళు. ఒకరి నీళ్ళ సీసా మూత ఇంకొకరు తీసేవాళ్ళు. ఇద్దరిలో ఒకరికి కుడిచెయ్యి, ఒకరికి ఎడమచెయ్యి ఉంటే మూత వచ్చేస్తుంది.

ఫిజియో వసంత మంచిర్యాల అమ్మాయి. నెమ్మదిగా మాట్లాడుతుంది. "మేడం, కొంచెంసేపు చెయ్యాలె. మనసంత చేతి మీదనే పెట్టి చెయ్యాలె. తర్వాత చెయ్యిని మర్చిపోవాలె. పండుకోవాలె. మళ్ళ చెయ్యాలె" అంది.

మొదటి భాగం చేశాను. రెండోది చేయలేదు. జూన్ దగ్గరపడుతోంది. బావ డ్యూటీకి, అత్తమ్మ కునుకుకు వెళ్ళగానే పలక తీసేదాన్ని. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ ఒకటి, రెండు, మూడు. జనరల్ షిఫ్టు అంటూ వాళ్ళు నాకు ఇచ్చిన విశ్రాంతి మొత్తం ఆ పలక మీద ఖర్చు పెట్టాను. ఒక వారం బాగానే అనిపించింది. తర్వాత వేళ్ళు పిడికిలిలోకి ముడుచుకుపోయి తెరుచుకోలేదు. భుజంలో నొప్పి మొదలైంది. ఏప్రిల్‌లో పట్టుకోగలిగిన గ్లాసును మే చివర్లో పట్టుకోలేకపోయాను.

వసంత నా పిడికిలి చూడగానే అర్థం చేసుకుంది. కోపంగా ఉంది, గొంతు మాత్రం పెంచలేదు.

"మేడం, మీరు పిల్లలకు కొత్త లెక్క చెప్పినంక అదే గంటల పరీక్ష పెడతరా?"

"పెట్టను."

"ఎందుకు పెట్టరు?"

"నిద్రపోయి లేస్తే తలకెక్కుతది."

ఆ మాట అన్నాక నేనే ఆగిపోయాను. ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్న మాట అది. పరీక్షల ముందు రాత్రంతా మేలుకోవద్దు, పడుకోండి, చదివింది మీ లోపల తన చోటు తాను వెతుక్కుంటుంది అని.

"చెయ్యి గూడ అంతే" అంది వసంత. "మీరు పండుకున్నప్పుడు అది నేర్చుకుంటది. మీరు దాన్ని పండుకోనిస్తలేరు."

ఆ వారంలోనే పాస్టరు అయ్యగారు ఒక్కరే వచ్చారు. ప్రార్థన మొదలుపెట్టలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు.

"అమ్మా, ఆ రోజు డోలు వాయించుమని సైగ జేసింది నేనే. నువ్వు పడిపోతుంటే మేము చేతులెత్తి స్తుతించినం. అది నన్ను తింటున్నది."

నాకు చేతనైన మాటల్లో నా లోపలి సంగతి ఆయనకు చెప్పాను. ప్రార్థిస్తే ఏమీ తగలడం లేదని. భక్తి చల్లారిందేమోనని. ఆయన చప్పున గద్దిస్తారనుకున్నాను. ఆయన తల ఊపారు.

"ప్రభువు తుఫానుల పడవ వెనక భాగంల నిద్రపోయిండు. తలకింద మెత్త పెట్టుకొని మరీ. మనం ఎప్పుడు ఆ భాగం చదివినా తుఫాను అణిచిన సంగతే ప్రసంగిస్తం. నిద్రపోయిన సంగతి మీద నేను ఇంత వరకు ఒక్క ప్రసంగం చెయ్యలే. నువ్వు ముందు నిద్రపో. తగలకపోతే తగలకపోనీ. ఆయన ఎటూ పోడు."

అప్పటి నుంచి పలక అత్తమ్మ దగ్గర పెట్టాను. పొద్దున కొంచెంసేపు ఇస్తుంది, మళ్ళీ తీసుకుంటుంది. ఆ కొంచెంసేపు నేను ఇంకో ఆలోచన రానివ్వను. మాట్లాడను, ఫోను చూడను, ప్రార్థన కూడా చేయను. ఒక గీత గీస్తే ఆ గీతే. తర్వాత పడుకుంటాను. మాత్ర రోజూ వేసుకుంటాను, శుక్రవారం కూడా.

జూన్

బడి తెరిచే ముందు ఆదివారం అయ్యగారు సాక్ష్యం చెప్పమని నన్ను ముందుకు పిలిచారు. సాక్ష్యం అంటే స్వస్థత గురించి ఉంటుందని అందరూ ఎదురుచూశారు. మాట ఇంకా కొంచెం ఈడుస్తోంది. నెమ్మదిగా చెప్పాను. ఆ రోజు నాకు జరిగింది పక్షవాతం. అన్యభాష కాదు. ఆత్మ కార్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. దేవుడు ఆ రోజు అక్కడే ఉన్నాడు. మా అత్తమ్మ చేతిలో ఉన్నాడు, నా గడ్డం పట్టుకున్న ఆ చేతిలో.

ఇంకా ఇలా చెప్పాను, మీకూ చెబుతున్నాను. ఎవరికైనా నోరు ఒక పక్కకు వంగితే, మాట ముద్దగా వస్తే, ఎత్తిన చెయ్యి దానంతట అది దిగిపోతే, ఒక్క పాట కూడా పాడకండి. దవాఖానకు తీసుకెళ్ళండి. ప్రార్థన దారిలో చేయండి. ఉపవాసం ఉన్నా బీపీ మాత్ర మానకండి. డాక్టరును అడిగి ఉపవాసం ఉండండి.

మందిరంలో ఎవరూ హల్లెలూయా అనలేదు. సలోమి అక్క మొహం చిన్నబోయింది. కూడిక అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చి, నా కుడిచెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంచింది. నాకు వెచ్చదనం కొంచెం తెలిసింది. చిటికెన వేలు, దాని పక్క వేలు తప్ప.

బడిలో హెడ్ మేడం నన్ను బోర్డు ముందు నిలబెట్టి చూశారు. ఒక లెక్క రాశాను. అంకెలు పెద్దవిగా, కాస్త పడిపోతున్నట్టు వచ్చాయి. చదవడానికి మాత్రం వస్తాయి. పూర్తి పీరియడు రాయలేనని చెప్పాను. ఆమె ఆలోచించి సగం పీరియడ్లు ఇచ్చారు. పదో తరగతి ఒక సెక్షను మాత్రమే.

మునుపు నేను గంట కొట్టేదాకా బోర్డు నింపేదాన్ని. ఇప్పుడు ఒక్క లెక్క, అందులోనూ ఒక్క మెట్టు రాసి కుర్చీలో కూర్చుంటాను. చెయ్యి ఒడిలో పెట్టుకుంటాను. తర్వాతి మెట్టు ఏమిటో పిల్లలు ఆలోచిస్తారు. తరగతి నిశ్శబ్దంగా ఉంటుంది. మొదట్లో ఆ నిశ్శబ్దం నాకు సిగ్గుగా ఉండేది, పని ఎగ్గొడుతున్నట్టు. ఒకరోజు ముందు బెంచీలో కూర్చునే శ్రావణి అంది: "మేడం, ఇంతకుముందు మీరు రాసేది మేము ఎక్కించుకునుడే అయ్యేది. సమజ్ చేసుకునే టైమే ఉండకపోయేది." యూనిట్ టెస్టులో ఆ సెక్షను పిల్లలు బాగా రాశారు. నేను తక్కువ రాసిన సెక్షను అది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో మీకే వదిలేస్తున్నాను.

ఇప్పుడు

వానాకాలం వెళ్ళిపోయింది. ఆ రెండు వేళ్ళు అలాగే ఉన్నాయి. మాట చాలావరకు వచ్చింది. ట్యూషన్లు మానేశాను. స్త్రీల సమాజం పని సలోమి అక్కకు అప్పగించాను. ప్రార్థనలో మునుపటి పొంగు ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలియదు. చిన్నగా ప్రార్థించి పడుకుంటాను. బావ ఏ షిఫ్టు నుంచి ఏ వేళకు వచ్చినా తలుపు తానే తీసుకుని, గిన్నె మీద మూత తీసుకుని, తింటాడు. పొద్దున ఆయన కంచం కడిగి బోర్లించి ఉంటుంది.

ఇవాళ హెడ్ మేడం తన గదికి పిలిచారు. "చెయ్యి బాగయింది కదండీ. ఆ సెక్షను మార్కులు చూశాను. పదో తరగతి రెండు సెక్షన్లూ మీరే తీసుకోండి. సాయంత్రం స్పెషల్ క్లాసులు, ఆదివారం పొద్దున ఒక గంట కూడా. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. మీరైతేనే నాకు ధైర్యం" అన్నారు.

మే నెలలో నేను ఏ మాట కోసం పలక మీద చెయ్యి పాడుచేసుకున్నానో ఆ మాట అది. విన్నప్పుడు సంతోషం వేయలేదు. కాని నా నోరు అప్పటికే 'సరే మేడం' అనడానికి తెరుచుకుంది. నేను దాన్ని మూసుకుని, రేపు చెబుతానన్నాను. ఇంట్లో చెప్పాను. అత్తమ్మ, "నీ నోరు, నీ ఇష్టం బిడ్డా. నేనైతే ఇంగో మారు గడ్డం వట్టుకొని లాగను" అంది.

సగమే చేయగలనని చెప్పాలి. ఎక్కువ ఇస్తే ఆ సగం కూడా చెడుతుందని చెప్పాలి. ఆమె ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఈ బడి పోవచ్చు. నా నాలుక అన్ని మాటలూ తిరిగి నేర్చుకుంది. చేయలేను అనే మాట మాత్రం జబ్బుకు ముందు కూడా దానికి వచ్చేది కాదు.

అందుకే అడుగుతున్నాను. ఇది చదువుతున్న సహోదరీ, సహోదరుడా, నాతో కలిసి ప్రార్థించు. నిలబడవద్దు, మోకరించవద్దు, ఉపవాసం వద్దు. ఉన్నచోటే కూర్చో. తండ్రీ, రేపు పొద్దున ఈ నీ దాసురాలి నోట ఆ ఒక్క మాట స్పష్టంగా పలికించు అను. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళను, వాళ్ళకోసం మేలుకుని ఉన్నవాళ్ళను ఈ పూట పడుకోబెట్టు అను. మధ్యలో నీకు నిద్ర ముంచుకొస్తే ఆపుకోకు. సగంలో ఆగిన ప్రార్థనను కూడా ఆయన పూర్తిగానే వింటాడు. ఆమేన్ పొద్దున లేచాక అందాం.